ధారావాహిక నాటకకర్త్రి ఇర్నా ఫిలిప్స్ చరిత్రము

కులసభల వార్షిక సంచికలలో స్వకులమున జనించి కీర్తి గడించినవారి చరిత్రములను ప్రకటించుట మనలో చిరకాలముగ వచ్చుచున్న యాచారము. అట్టివానితోపాటు, మన కులమునకుగాని మన దేశమునకుగాని సంబంధింపని యొక పరదేశస్త్రీ చరిత్రమును మేమేల వ్రాయబూనితిమని కొందరు సోదరులు ప్రశ్నింపవచ్చును. దానికి మా సమాధాన మిది. నేడు సంధ్యాదీపము వెలిగించిన పిదప టెలివిజను నెదుట గూర్చుండి ధారావాహిక నాటకములను జూడని కుటుంబము మనలో నరుదు. సీరియళ్ళని మనవారు వాడుకగా జెప్పు నా నాటకములను మగవారు పరిహసింతురు. పండితులు వానిని సాహిత్యముగ లెక్కింపరు. అయినను చూచువారు చూచుట మానరు. ఇట్టి నాటకములకు దారి యేర్పరచినవారిలో అగ్రగణ్య యొక స్త్రీయనియు, ఆమె చిన్ననాడే తండ్రిని గోల్పోయిన యొక చిల్లర వర్తకుని బిడ్డ యనియు, తన తొలి కృతిని న్యాయస్థానమున బోగొట్టుకొని, కడపట తాను నెలకొల్పిన నాటకమునుండియే తొలగింపబడెననియు నెరిగినవారు మనలో గొద్దిమంది. కుమార్తెలకు విద్య గరపి యుద్యోగములకు బంపుచున్న తలిదండ్రులును, విద్యార్థులకు ద్రవ్యసహాయ మొనర్చుచున్న మహారాజపోషకులును ఆమె చరిత్రమునుండి గ్రహింపదగిన విషయము గలదని తోచి దీనిని వ్రాయుచున్నాము.

బాల్యము - విద్య

ఇర్నా ఫిలిప్స్ 1901వ సంవత్సరము జూలై 1వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని చికాగో నగరమున నొక యూదుల కుటుంబమున జన్మించెను. పదుగురు సంతానములో నీమె కడగొట్టు బిడ్డ. తండ్రి చిన్న దుకాణము నడుపుకొనుచు సంసారము నీదుచుండెను. ఈమెకు ఎనిమిదేండ్ల ప్రాయమున ఆయన మరణించెను. ఇంతమంది బిడ్డల తల్లి భర్తను గోల్పోయి యింటిభారమును మోయుట యెట్టిదో మనవారికి వివరింప బనిలేదు. తరువాతి కాలమున ఇర్నా వ్రాసిన నాటకములలో ఇంటికి మూలస్తంభముగ నిలుచు విధవయగు తల్లి మరల మరల గనబడును. ఆ పాత్రకు మాతృక యీమె కన్నతల్లియే.

చిన్ననాటినుండియు ఈమెకు నటి కావలెననెడి కోరిక మెండు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున జదువుచు నాటకకళ నభ్యసించెను. అభినయశక్తి గలదుగాని రంగస్థలమునకు దగిన రూపముగాని నిలువెత్తుగాని లేదని బోధకులు చెప్పి ఆమె యాశను ద్రుంచిరి. ఆ దినములలోనే ఆమెకు అంతకంటె గొప్ప దుఃఖము సంభవించెను. పందొమ్మిదవ యేట ఒకనిని నమ్మి గర్భవతి కాగా ఆతడు విడిచిపోయెను. పుట్టిన శిశువు ప్రాణముతో బుట్టలేదు. ఇట్టి విషయములను గప్పిపుచ్చుట మన చరిత్రకారులకు బరిపాటి. కాని యీమె చరిత్రమున దీనిని విడిచినచో తరువాతి దేదియు బోధపడదు. ఆమె జీవితాంతము వివాహమాడలేదు. నలువది యేండ్లు దాటు తరుణమున ఒక బాలుని, ఒక బాలికను దత్తత గైకొని తానే పెంచెను.

1923లో పట్టము పుచ్చుకొని ఆమె ఉపాధ్యాయవృత్తి నవలంబించెను. ఒహైయో రాష్ట్రమునందలి డేటన్ నగరమున 1930 వరకు నాటకకళను బోధించెను. నటి కాదలచినది నటన నేర్పు పంతులమ్మ యయ్యెను. జీతము స్థిరము, గౌరవమునకు లోటులేదు. మనవారి కన్నుల కది మంచి యుద్యోగమే. ఆమె మనస్సు మాత్ర మందు నిలువలేదు.

రేడియో ప్రవేశము

1930 నాటికి అమెరికాలో రేడియో ఇంటింటికి వ్యాపించుచుండెను. అంతకు బూర్వపు సంవత్సరముననే ఆ దేశమున వర్తకము కుప్పగూలి జనులు పనులు లేక యల్లాడసాగిరి. టిక్కెట్టు కొని నాటకశాలకు బోలేనివారికి ఇంటనున్న రేడియోయే వినోదమయ్యెను. పగటివేళ ఇంట నుండునది గృహిణి. వంటచేయుచు, బట్టలుదుకుచు, బిడ్డను లాలించుచు ఆమె చెవి యొక్కటియే తీరికగ నుండును. ఆ చెవికి నచ్చు దానిని వినిపించినచో తమ సరుకు లమ్ముడగునని వర్తకులు గ్రహించిరి. ఈ నాటకములకు ధనమిచ్చినవారిలో సబ్బులు చేయు కంపెనీవారు ప్రముఖులగుటచే వానికి సబ్బు నాటకములని పేరు వచ్చెను. ఎగతాళికి బెట్టిన పేరే శాశ్వతముగ నిలిచిపోయెను.

ఇర్నా ఫిలిప్స్ చికాగోలోని డబ్ల్యూ.జి.ఎన్. రేడియో కేంద్రమునకు నటిగ బ్రవేశింప గోరి పోయెను. ఆ కేంద్రము చికాగో ట్రిబ్యూన్ పత్రికవారిది. అచ్చటివారు ఆమెను ఒక కుటుంబమును గూర్చి దినదినము సాగు కథను వ్రాయవలసినదిగ గోరిరి. 1930వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన పెయింటెడ్ డ్రీమ్స్ అను నాటకము ప్రారంభమయ్యెను. రంగుల కలలని దాని యర్థము. మొయినిహన్ అను నైరిష్ విధవయు, ఆమె బిడ్డలును అందలి పాత్రలు. వ్రాయుటయే గాక ఆ తల్లి పాత్రను ఇర్నాయే ధరించెను. రంగస్థలమునకు రూపము చాలదన్నవారి మాట రేడియోలో జెల్లలేదు. అచ్చట గావలసినది కంఠమే గదా. గృహిణులకై దినదినము సాగిన రేడియో ధారావాహికలలో ఇదియే మొదటిదని చరిత్రకారు లెంచుదురు.

ఇందలి క్రొత్తదన మేమో చెప్పవలయును. అదివరకు కథ యనిన ఏదో యొక యద్భుతము జరుగవలెను. ఈమె కథలో నేమియు జరుగదు. తల్లి కాఫీ కాచుచుండగా కూతురు వచ్చి తన కష్టము చెప్పుకొనును, తల్లి హితము చెప్పును, కాలము ముగియును. ఆ కష్ట మేమగునోయని వినువారు మరునాటికై వేచియుందురు. ఇంటి మాటయే కథ, ఆ యింటికి మరునాడును పోవలెననెడి యాపేక్షయే దాని బలము. మన పల్లెలలో నూతికడ నీళ్లు చేదుకొనుచు స్త్రీలు చెప్పుకొను ముచ్చటలు ఏనాటికిని ముగియనట్లే ఈ కథలును ముగియవు.

వ్యాజ్యము

నాటకమునకు బేరు వచ్చినకొలది దానిని దేశమంతటను వినిపించు పెద్ద సంస్థకు ఇయ్యవలెనని ఇర్నా సంకల్పించెను. కేంద్రమువా రంగీకరింపలేదు. నాటకము తమదని వారనిరి, తాను వ్రాసినది గాన తనదని ఈమె వాదించెను. 1932లో ఆమె యచ్చటి పని విడిచి వ్యాజ్యము వేసెను. కేంద్రమువారు వేరొకరిచే పెయింటెడ్ డ్రీమ్స్ వ్రాయించుకొనుచు యథాప్రకారము నడుపుకొనిరి. ఆమె కల్పించిన తల్లి వేరొకరి కలమునుండి మాటాడుచుండగా ఆమె వినుచుండవలసి వచ్చెను. వ్యాజ్యము ఏండ్లతరబడి సాగి 1940లో ఇల్లినాయ్ అప్పీలు న్యాయస్థానమున ఆమెకు బ్రతికూలముగ ముగిసెను. జీతము పుచ్చుకొని యజమానికొరకు వ్రాసినది యజమానిదేయని తేలెను.

తీర్పునకై ఆమె చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1932లోనే చికాగోలోని మరియొక కేంద్రమున టుడేస్ చిల్డ్రన్ అను నాటకము నారంభించెను. నేటి బిడ్డలని దాని యర్థము. మొయినిహన్ తల్లి మోరన్ తల్లిగ మారెను. ఇల్లు మారెను గాని తల్లి మారలేదు. ఈమాటు ఆమె నాటకముపై హక్కు తనదిగ నుంచుకొనెను. మరుసటి సంవత్సరమున అది ఎన్.బి.సి. సంస్థ ద్వారా దేశమంతటను వినబడసాగెను. పిండి యమ్ము పిల్స్‌బరీ కంపెనీవారు పోషకులైరి. నాటకము మిక్కిలి ప్రచారములో నుండగనే ఇర్నా తల్లి స్వర్గస్థురాలయ్యెను. మోరన్ తల్లికి మాతృకయగు ఆమె పోయిన పిదప ఆ పాత్రచే మాటాడించుటకు ఇర్నాకు మనస్సొప్పలేదు. లాభము వచ్చుచున్న నాటకమును నిలిపివేసెను. అది తనది గావుననే అట్లు నిలుపగలిగెను. హక్కు చేతనుండుటకును లేకుండుటకును గల భేద మిందు స్పష్టమగుచున్నది.

దారి చూపు దీపము

1937వ సంవత్సరము జనవరి 25వ తేదీన ఆమె రచనలలో దీర్ఘాయువు గలదియగు ది గైడింగ్ లైట్ ప్రారంభమయ్యెను. దారి చూపు దీపమని దాని యర్థము. బిడ్డను బోగొట్టుకొన్న దినములలో ప్రెస్టన్ బ్రాడ్లీ యను చికాగో మతబోధకుని యుపన్యాసములను రేడియోలో విని ఆమె ఊరట నొందెనట. ఆ జ్ఞాపకమునుండి రథ్‌లెడ్జ్ అను మతబోధకుని పాత్ర పుట్టెను. ఆయన గదికిటికీలో నొక దీపము వెలుగుచుండును. కష్టములో నున్నవారు దానిని జూచి వచ్చి ఆయనను గలిసికొందురు. కొన్ని దినములలో కథ నాపి ఆయన యుపన్యాసమునే పూర్తిగ వినిపించెడివారు. వినోదముకొరకు రేడియో విప్పినవారు దానిని శ్రద్ధతో వినిరి.

ఆ కథ జరుగునది ఫైవ్ పాయింట్స్ అను వాడలో. నానాదేశములనుండి వలసవచ్చిన బీదలు అందు గాపురముందురు. వారిలో క్రాన్‌స్కీ యను యూదుల కుటుంబ మొకటి గలదు. క్రైస్తవ బోధకుని నాయకునిగ జేసికొన్నను ఇర్నా తనవారిని మరువలేదు, మరుగుపరుపనులేదు. అట్లని వారిని మిన్నలుగ జిత్రింపనులేదు. ఆ యింటి కూతురు రోజ్ తప్పటడుగులు వేయును, తండ్రి యాగ్రహించును, ఇల్లు కలత జెందును. అన్యమతస్థులైన లక్షలాది శ్రోతలు ఆ యింటి దుఃఖమును తమ యింటి దుఃఖముగ దలచిరి. తన జాతిని లోకమునకు బరిచయము చేయుటకు పొగడ్తకంటె సత్యమే శ్రేష్ఠమార్గమని మాకు దీనివలన దోచుచున్నది. కులసంచికలకు వ్యాసములు వ్రాయు మేము ముందుగ నేర్వదగిన పాఠమిది.

ఆ సంవత్సరముననే ది రోడ్ ఆఫ్ లైఫ్ అను నాటకమున నొక వైద్యుని నాయకునిగ జేసి వైద్యశాలను కథాస్థలముగ నేర్పరచెను. తరువాత 1938లో ఉమన్ ఇన్ వైట్ అను నాటకమున నర్సును నాయికగ జేసెను. 1939లో ది రైట్ టు హ్యాపినెస్ వెలువడెను. నేడు లోకమంతట టెలివిజనులో గానవచ్చు వైద్యశాల కథలకు మూల మీ పుటలలోనే గలదు.

రచనావిధానము

1943 నాటికి ఆమె నాటకములు ఐదు ఏకకాలమున దినదినము ప్రసారమగుచుండెను. ఏటేట ఇరువది లక్షల మాటలు వ్రాయవలసి వచ్చెడిది. వ్రాసెడి దనుటకంటె చెప్పెడి దనుట యుక్తము. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు గదిలో దిరుగుచు, తల్లిగ, కొడుకుగ, కోడలుగ, వైద్యునిగ గొంతు మార్చి తానే మాటాడుచుండ సహాయకురాలు వ్రాసికొనెడిది. మన తిక్కన సోమయాజి భారతమును జెప్పుచుండగా గురునాథుడు వ్రాసెనని పెద్దలు చెప్పు కథ యిచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. కావ్యముల కీ రచనలకు సామ్యము లేదు గాని శ్రమకు సామ్యము గలదు. నటి కాలేకపోయిన యామె యిట్లు దినమునకు ఇరువది పాత్రలు ధరించెను. వైద్యవిషయములకు వైద్యులను, న్యాయవిషయములకు న్యాయవాదులను సంప్రదించుట ఆమె నియమము. ఆ కాలమున ఆమె ఏటి యాదాయము సుమారు రెండున్నర లక్షల డాలర్లు.

దృశ్యమునకును దృశ్యమునకును నడుమ ఆర్గను వాద్యము మ్రోగించుట, కథను చిక్కుముడిలో నుంచి నాటిభాగము ముగించుట, ఒక నాటకములోని పాత్రను మరియొక నాటకమునకు దీసికొనిపోవుట మొదలగు పద్ధతులను వ్యాపింపజేసినది ఈమెయే. మనుష్యునకు సహజములగు ఆత్మరక్షణము, స్త్రీపురుషాకర్షణము, కుటుంబప్రేమ అను మూడింటిపై కథ నిలువవలెనని ఆమె మతము. అందు మూడవదానిని ఆమె యెన్నడును విడువలేదు. తనకు భర్తతోగూడిన కాపురము లేకపోయినను లక్షల కాపురములకు మాటలు సమకూర్చినది. లేనిదానియందలి యాపేక్షయే ఆమె రచనకు బలమిచ్చెనని మేము తలంచుచున్నాము.

టెలివిజను

రేడియో నాటకములలో నంత కీర్తి గడించిన యామెకు టెలివిజనులో మొదటి యడుగు తడబడెను. 1949వ సంవత్సరము జనవరి 31వ తేదీన దీజ్ ఆర్ మై చిల్డ్రన్ అను నాటకమును ఎన్.బి.సి. వారు చికాగోనుండి ప్రసారము చేసిరి. పెద్ద సంస్థలు ప్రసారము చేసిన టెలివిజను ధారావాహికలలో ఇది మొదటిదిగ బరిగణింపబడుచున్నది. మరల విధవయగు తల్లి, మరల ఆమె బిడ్డలు. రేడియోలో కాగితము చూచి చదివిన సరిపోవును. ఇచ్చట సంభాషణలు కంఠస్థము చేయవలెను. నటులు నల్లబల్లపై వ్రాసినదాని వంక జూచుచు మాటాడుట తెరపై స్పష్టముగ గనబడెను. విమర్శకులు కఠినముగ బరిహసించిరి. నెలరోజులు కొంచె మించుమించుగ నది నిలిచిపోయెను.

ఆమె వెనుదీయలేదు. పగటివేళ పని మాని తెరవంక జూచుచు గూర్చుండు తీరిక గృహిణికి లేదని వ్యాపారులు సంశయించుచుండగా, సంభాషణయే ప్రధానమైనచో ఆమె పని చేయుచునే వినగలదని ఇర్నా నమ్మెను. 1952వ సంవత్సరము జూన్ 30వ తేదీన ది గైడింగ్ లైట్ సి.బి.ఎస్. టెలివిజనులో బ్రవేశించెను. 1956 వరకు ఒకే సంభాషణలను ఆ నటులే టెలివిజనులో నొకమారు, రేడియోలో నొకమారు అభినయించుచుండిరి.

అంతవరకు ఇట్టి నాటకములు దినమునకు పదునైదు నిమిషములు మాత్రమే. అది చాలదనియు, అరగంట యుండవలెననియు ఆమె పోషకులతో చిరకాలము వాదించెను. తుదకు 1956వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన యాజ్ ద వరల్డ్ టర్న్స్ అరగంట నాటకముగ మొదలయ్యెను. లోకము తిరుగుచుండగా అని దాని యర్థము. ఓక్‌డేల్ అను కల్పిత పట్టణమున హ్యూస్ అను న్యాయవాది కుటుంబపు కథ యది. మొదట జనులు దాని మందగమనమును సహింపలేకపోయినను, రెండేండ్లలో నది పగటి నాటకములలో అగ్రస్థానము నందుకొని సుమారు ఇరువది యేండ్లు అచ్చటనే నిలిచెను. ఆర్గను మ్రోగుచుండగా నటి కన్నులను దగ్గరగ జూపి, మాట లేకయే ఆమె మనస్సును దెలుపుట ఆ నాటకముననే పరిపాటియయ్యెను. 1963వ సంవత్సరము నవంబరు 22వ తేదీన అధ్యక్షుడు కెన్నెడీపై కాల్పులు జరిగినవను వార్తను వాల్టర్ క్రాంకైట్ దేశమునకు దెలుపుటకు నిలిపివేసినది ఈ నాటకమునే. ఆ దినమున ఎందరి యిండ్లలో నది నడుచుచుండెనో దీనివలన నూహింపవచ్చును.

1964లో విలియమ్ బెల్‌తో గలిసి అనదర్ వరల్డ్ అను నాటకమును, 1965లో టెడ్ కోర్డే, ఆలన్ చేజ్ అనువారితో గలిసి డేస్ ఆఫ్ అవర్ లైవ్స్ అను నాటకమును ఆమె కల్పించెను. ఈ రెండవది 2022లో టెలివిజనును విడిచి అంతర్జాలమునకు మారెను.

శిష్యులు

ఆగ్నెస్ నిక్సన్ అను రచయిత్రి వృత్తాంత మిచ్చట జెప్పవలయును. ఈమె తండ్రి శవములకు దొడుగు వస్త్రములను తయారుచేయు వర్తకుడు. చదువు ముగిసిన కుమార్తె తన వ్యాపారమున బ్రవేశింపవలెనని ఆయన కోరిక. ఆమెకు రచనపై మక్కువ. రచనతో పొట్ట గడవదని ప్రసిద్ధురాలగు ఇర్నా ఫిలిప్స్ నోటనే చెప్పించినచో కుమార్తె వ్యామోహము తీరునని తలచి ఆయన యిర్నాతో సమావేశ మేర్పాటుచేసెను. ఆ బాలిక వ్రాసికొనివచ్చిన నాటకభాగమును ఇర్నా అన్ని పాత్రల గొంతులతో బైకి జదివెను. చదువుట ముగించి తనయొద్ద పనిచేయుమని అడిగెను. తండ్రి యాలోచన తలక్రిందులయ్యెను. ఆ బాలిక తరువాత 1968లో వన్ లైఫ్ టు లివ్, 1970లో ఆల్ మై చిల్డ్రన్ అను ప్రసిద్ధ నాటకములను సృష్టించెను. చికాగోలో ప్రకటనలు వ్రాసికొనుచుండిన విలియమ్ బెల్ అనువానిని గూడ ఆమె చేరదీసెను. ఆతడు భార్యతో గలిసి 1973లో ది యంగ్ అండ్ ది రెస్ట్‌లెస్ అను నాటకమును నెలకొల్పెను.

ఒకనాడు బోధకులు తన యాశను ద్రుంచినను ఆమె తనయొద్దకు వచ్చినవారి యాశను ద్రుంచలేదు. ఇందులకే ఆమెను మేము మిక్కిలి గౌరవించుచున్నాము.

దోషములు - అంత్యదశ

గుణములను మాత్రమే చెప్పి దోషములను విడుచుట చరిత్రము గాదు, స్తోత్రమగును. ఇర్నా స్వభావము కఠినము. నాటకములు న్యూయార్కులో జరుగుచుండ ఆమె చికాగోలోని తన యింట టెలివిజను ముందు గూర్చుండి చూచి, వెంటనే టెలిఫోనులో తప్పులెన్నుచుండెను. నచ్చని నటులను తొలగించుటకు సందేహించెడిది కాదు. హ్యూస్ గృహిణి పాత్ర ధరించిన హెలెన్ వాగ్నర్‌ను కాఫీ పోయు తీరు నచ్చలేదని తొలగించెనని ప్రతీతి. పోషకులు పట్టుబట్టి ఆమెను మరల పిలిపించిరి. ఆ నటి 2010లో మరణించువరకు ఆ పాత్రనే ధరించుచుండెను. ఇర్నా తీర్పు ఎల్లప్పుడు సరియైనది కాదనుట కింతకంటె నిదర్శనము వలదు.

అయినను ధైర్యము విషయమున ఆమెకు వంక పెట్టలేము. 1967లో ప్రారంభమైన లవ్ ఈజ్ ఎ మెనీ స్ప్లెండర్డ్ థింగ్ అను నాటకమున ఆసియా తల్లికిని అమెరికా తండ్రికిని బుట్టిన యువతికి, తెల్లజాతి యువకునికి నడుమ ప్రేమను జిత్రించెను. ప్రసారసంస్థవారు జంకి ఆ కథను నిలుపుమనిరి. ఆమె కథను మార్చుటకు మారుగ నాటకమునే విడిచి వెడలిపోయెను.

1970 తరువాత ఆమె మరల యాజ్ ద వరల్డ్ టర్న్స్ రచనకు బిలువబడెను. లోకము మారియుండెను. కిమ్ అను నొక స్వతంత్రురాలగు స్త్రీ పాత్రను తన పోలికగ నామె కల్పించి, సోదరి భర్తవలన గర్భవతియైనట్లు కథ నడపెను. పందొమ్మిదవ యేటి తన దుఃఖమునే డెబ్బది యేండ్లు దాటిన పిదప ఆమె మరల స్పృశించుచున్నట్లు మాకు దోచుచున్నది. ప్రేక్షకు లాగ్రహించిరి, చూచువారు తగ్గిరి. 1973లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీవారు ఆమెను బనినుండి తొలగించిరి. నాటకము వారి సొత్తు. తన చేతులతో నిలిపిన యింటినుండి ఆమె రెండవమారు వెలుపలికి రావలసి వచ్చెను.

ఆ సంవత్సరము డిసెంబరు నెలలో చికాగోలో ఆమె మరణించెను. వయస్సు డెబ్బదిరెండేండ్లు. తన మరణవార్తను ఎవరికిని దెలుపవలదని ఆమె కోరియుండెనట. క్రిస్మస్ శుభాకాంక్షలు తెలుపుటకు టెలిఫోను చేసిన ఆగ్నెస్ నిక్సన్‌కు గురువు లేదని అప్పుడు మాత్రమే తెలియవచ్చెను. లక్షలమందిని దినదినము పలుకరించిన కంఠము ఎవరితోను జెప్పకయే మూగవోయెను. ది గైడింగ్ లైట్ రేడియోలోను టెలివిజనులోను గలిపి 72 ఏండ్లు సాగి 2009 సెప్టెంబరు 18వ తేదీన ముగిసెను. మరుసటి యేట యాజ్ ద వరల్డ్ టర్న్స్ ముగిసెను. ఆమె వ్రాతప్రతులు విస్కాన్సిన్ చరిత్రసంఘమువారి యొద్ద భద్రముగ నున్నవి.

ఉపసంహారము

ఈ చరిత్రమునుండి మనవారు గ్రహింపవలసిన దేమి? మొదట తలిదండ్రులకు మనవి. చదువుకొన్న కుమార్తె మనకు దెలియని వృత్తిని గోరినపుడు, దానివలన కూడు దొరకదని చెప్పించుటకు పెద్దల యొద్దకు దీసికొనిపోవుట మనకు నలవాటే. నిక్సన్ తండ్రి చేసినదియు నదియే. ఆ పెద్దలు ఇర్నావంటివారైనచో కుమార్తె భాగ్యము. కాకున్నచో నొక కలము తెరువకయే మూతపడును. అట్టి కలము లెన్ని మన యిండ్లలో మూతపడినవో లెక్క పెట్టినవారు లేరు.

యువతీయువకులకు మనవి. మీ చేతిపనిపై హక్కు మీది కావలెనన్నచో పని మొదలిడకముందే కాగితముపై వ్రాయించుకొనుడు. పని ముగిసిన పిదప న్యాయస్థానమునకు బోయినవారికి ఎనిమిదేండ్లు గడచినను న్యాయము దక్కలేదని ఈ కథ చెప్పుచున్నది. మాట చాలునను నమ్మకము బంధువుల నడుమ మంచిదే, వృత్తివిషయమున నది చాలదు.

కడపట మహారాజపోషకులకు సవినయమగు మనవి. పూర్వము కవులను రాజులు పోషించిరి. తరువాతి కాలమున వర్తకులు పోషించుచున్నారు. సబ్బు వర్తకుల ధనము లేనిదే ఇర్నా నాటకములు వెలువడెడివి కావు. ఈ సత్యమును మేము మరువలేదు. అయితే ధనమిచ్చినవారికి నాటకము దక్కినది గాని దానిని వ్రాయు విద్య దక్కలేదు. ఆ విద్యను ఆమె తనయొద్దకు వచ్చినవారి కిచ్చిపోయెను. రేడియో కేంద్రమువారు తీసికొనలేకపోయినది, కంపెనీవారు తొలగింపలేకపోయినది అదియొక్కటియే. మన సంఘము కట్టించు వసతిగృహములును, ఇచ్చు వేతనములును పోషకుల పేర జిరకాలము నిలుచుగాక. వానియందు జదువుకొన్న బాలబాలికలు మనకు ఋణపడియున్నారని గాక, తమ విద్యను మరియొకరికి ఇయ్యవలసినవారని మనము తలంచినచో, పోషణ సార్థకమగును. అట్టి యుదారబుద్ధి మన సంఘమున నానాటికి వృద్ధిబొందుగాకయని కోరుచు, ఈ వ్యాసమును కులబాంధవుల సమక్షమున నుంచి విరమించుచున్నాము.